రింగు పట్టుకుని ఊగితే

హలో… ఆ, నేనేనయ్యా, ప్రభుదాస్ మాస్టార్ని. ఎవరూ… బర్నబాసా? రేపల్లె నుంచేనా?

పరిగెత్తుకొచ్చాను నాయనా, కాస్త ఊపిరి తీసుకోనీ. మా పక్కింటి కనకదుర్గమ్మగారు గోడ మీంచి పిలిచి, మీకు ఫోనండీ, వెనకాల ఒకటే మైకు గోల అంటే, ఏం కొంప మునిగిందోనని…

ఓహో, మిల్లు ఆఫీసులోంచి మాట్లాడుతున్నావా. బాస్కెట్‌బాల్ పోటీ ఎందాకా వచ్చింది?

…మా దావీదు ఎగిరి బంతిని రింగులో కుక్కి డంకు వేశాడా? శుభ్రంగా పడిందా? …మరింకేం, కప్పు వాడిదే.

…ఎవరూ? బాపట్ల జకరయ్య కూడా వేశాడా. తెలుసు, ఆ పొడుగాటి మనిషి. గుమ్మంలోంచి వంగి రావాలి పాపం.

…అదన్నమాట సంగతి. రేపల్లె వాళ్ళు దావీదుకివ్వాలంటారు, బాపట్ల నుంచి బస్సు కట్టించుకుని వచ్చినవాళ్ళు జకరయ్యకివ్వాలంటారు. చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. అందుకని ఇద్దరూ ఇంకోసారి వెయ్యాలి… దేన్ని చూసి గొప్ప డంకు అనాలో ఆట నేర్పిన మాస్టార్ని గనక నేను చెప్పాలి.

ఒరేయ్, నీకు తెలియందేముంది. దావీదు నా మేనల్లుడు. నేనేం చెప్పినా పక్షపాతం అంటారు.

…బసవేశ్వరరావుగారే అడగమన్నారా. మిల్లు ఆయనది, కప్పు ఆయనది, ఆయన మాట తీసెయ్యలేం మరి.

మా చెల్లెలు వచ్చిందా? …ముందు వరసలో కూర్చుందా. పిచ్చిది. కొడుకు ఆడుతుంటే కళ్ళు మూసుకుంటుంది, అందరూ అరిచాక తెరుస్తుంది. వచ్చేవారం వాడికి సికిందరాబాదులో రైల్వే వాళ్ళ సెలక్షనుందని చెప్పిందా నీకు? ఆ ఉద్యోగం గనక వస్తే దేవకుమారి ఇంక నాట్లకి పోనక్కర్లేదు. నడుం వంగిపోయిందిరా దానికి, ఒకళ్ళ చేలో ఒకళ్ళ చేలో…

సరే, సరే. అడిగింది చెప్తాను. మైకు చేతిలోనే ఉందా? …నేనన్నది అన్నట్టు చదివేస్తావా? అట్లాగైతే విను.

మొదట పొడుగు చూడకండి. పొడుగాటివాడు బంతి రింగులో పెట్టడమంటే అటక మీద ఊరగాయ జాడీ పెట్టడమే. అందింది, పెట్టాడు. దాన్లో చూసేదేముంది? అందనివాడు ఎగిరి అందుకోవాలి. ఎగిరినవాడు పైన ఒక్క క్షణం ఆగినట్టు కనపడాలి. ఆగడనుకో, మనకట్లా అనిపించాలి. చూసేవాడు ఊపిరి వదలడం మర్చిపోవాలి.

…చెప్పావా? …నవ్వుతున్నారా. జకరయ్య కూడా నవ్వాడా? మంచివాడే.

ఇంకా ఏంటంటే… ఖాళీ రింగులో వెయ్యడం ఏముంది. ఎదురుగా ఒక మనిషి చేతులెత్తుకుని నిలబడాలి. వాడి చేతుల మీంచి పోవాలి బంతి. అదీ ఒక్క చేత్తో. బంతి అరచేతికి అతుక్కుపోయిందా అన్నట్టుండాలి…

…ఆగు ఆగు, కంగారుపడకు. అసలుది ఇంకా చెప్పలేదు.

అసలుది బంతి పడ్డాక ఉందిరా. బంతి పడగానే చెయ్యి తీసేసుకుని దిగిపోతే దానికి అందమేముంది? పనైపోయిందని చేతులు దులుపుకున్నట్టుంటుంది. రింగు పట్టుకోవాలి. రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా వేలాడేసి ఊగాలి. బోర్డు గడగడలాడాలి. మా రోజుల్లో తెనాల్లో వెంకట్రామయ్య అని ఒకడుండేవాడు. వాడు డంకు వేస్తే పక్కవీధిలో బట్టలారేసుకునేవాళ్ళకి తెలిసేది.

…ఫౌలే. ఎవరు కాదన్నారు? ఆటలో అయితే ఫౌలు. ఇది వేడుకేగా. చెప్పు, ఎవరు ఎక్కువ ఊపితే వాడిదే కప్పు అని చెప్పు.

…అబ్బో, ఆ ఈలలు ఇక్కడిదాకా వినపడుతున్నాయి. నా పేరు కూడా చెప్పావేంట్రా. …దావీదు ఫోన్ వైపు తిరిగి దణ్ణం పెట్టాడా? వెధవ. వాడికి నేనంటే ప్రాణం.

ఏంటా మోత? …లారీనా? ఆదివారం పూట మిల్లులో లారీ ఏంటి?

…ఓహో, కాకినాడ బండి చెప్పకుండా వచ్చి, ఇప్పుడు బయల్దేరుతోందా. ఆట మధ్యలో ఆపి లోడు ఎక్కించారా. పాపం హమాలీలకి ఆదివారం కూడా లేదు…

…

అబ్బాయ్, బర్నబాసూ. ఏ ధాన్యం ఎక్కించారు?

…ఊరికే అడుగుతున్నా. రింగున్న ఆ ఇనప స్తంభానికి పునాది లేదు, నీకు తెలుసుగా. గొయ్యి తీయించండని నేను బతిమాలితే బసవేశ్వరరావుగారు ఒప్పుకోలేదు. ఇది ధాన్యం ఆరబోసుకునే గచ్చు, దీనిమీద ఒక్క పలుగు దెబ్బ పడనివ్వనన్నారు. అందుకనేగా చట్రం చేయించి, వెనకాల బల్ల కట్టించి, దానిమీద ధాన్యం బస్తాలు పేర్పించాం. ముందు అంత టేకు బోర్డు. వెనకున్న బస్తాల బరువే దాన్ని పట్టుకునేది.

…చూడు. కిటికీలోంచి చూసి చెప్పు, నేనాగుతాను.

…ఉన్నాయా? పైదాకా ఉన్నాయా? …హమ్మయ్య. సరే, ఇంక వెళ్ళి…

ఏమన్నావు?

…కాదు, ఇప్పుడు ఏదో అన్నావు. మళ్ళీ చెప్పు.

…ఊక బస్తాలా.

…లోడు చాల్లేదని అవి తీసి ఎక్కించేశారు. బల్ల బోసిగా ఉందని, జనం ముందు బాగుండదని, ఊక బస్తాలు పెట్టించారు. ఎవరు పెట్టించారు? …ఆయనేనా.

ఊకరా అది. ఆడవాళ్ళు చంకనేసుకుని పోతారు పొయ్యిలోకి. గోతాం ఒకటే అయితే బరువు ఒకటవుతుందా?

…ఇందాక పడలేదంటే, ఇందాక ధాన్యం ఉంది. ఇందాక ఎవరూ ఊగలేదు. ఊగమని నేను ఇప్పుడు చెప్పాను.

ఆపు. మైకులో చెప్పు, రింగు ముట్టుకోవద్దని చెప్పు. …మైకు ఆయన తీసుకున్నారా? ఆయన చేతిలోంచి లాక్కో. గుమాస్తావైతే ఏం, రేపు ఉద్యోగం పోతే పోయింది, నేను చూసుకుంటాను…

పేరు పిలుస్తున్నారా? మొదట ఎవర్ని పిలిచారు?

…దావీదునా.

పరిగెత్తు. ఫోన్ పెట్టెయ్యకు, బల్ల మీద పడేసి పో. వాడి కాళ్ళు పట్టుకో, నడుం పట్టుకో, ఎట్లాగైనా ఆపు. పో నాయనా, పో…

…

బర్నబాసూ… వెళ్ళావా?

…ఏం లేదండీ కనకదుర్గమ్మగారూ. మంచినీళ్ళొద్దు. వినపడుతోంది, కిటికీ పక్కనే ఆట. వాడి పేరే అరుస్తున్నారు.

…బంతి కొడుతున్నాడు. గచ్చు మీద చప్పుడు తెలుస్తోంది. …బర్నబాసు అందుకోలేదేమో. అంత జనంలో ఎట్లా పోతాడు…

…చప్పుడు ఆగింది. ఎగిరాడు.

…వేశాడమ్మా. వేశాడు. ఎంత చప్పట్లో వినండి. ఒరేయ్ దావీదూ, చెయ్యి తియ్యరా. దిగిపో నాన్నా, చాలు. మామయ్య చెప్పింది వినొద్దు, దిగిపో…

…

ఏంటా శబ్దం.

…

చప్పట్లు ఆగిపోయాయండీ. అంతమంది ఉన్నారు, ఒక్కళ్ళూ మాట్లాడట్లేదు.

హలో… ఎవరన్నా ఫోన్ తీయండి. హలో… రేపల్లె, హలో… బాబూ, ఎవరైనా సరే…

…ఎవరూ? దేవకుమారీ, నువ్వా. అమ్మా, దావీదు…

…బోర్డు వాడి మీద పడిందా. తీశారా? …అందరూ పట్టి తీశారా. జకరయ్య భుజం పెట్టి ఎత్తాడా.

…వాణ్ని లేపొద్దని చెప్పు. కూర్చోబెట్టొద్దు, నీళ్ళు పట్టొద్దు, మెడ కింద చెయ్యి పెట్టొద్దు. బల్లచెక్కో తలుపో ఉంటే తెచ్చి, ఒళ్ళు కదలకుండా దానిమీదికి చేర్చమను. …కాళ్ళు కదుపుతున్నాడా? బొటనవేలు కదపమని అడుగు.

…లేదా. సరిగ్గా చూడమ్మా, ఒక్క వేలైనా…

…సరే. సరే. మాట్లాడుతున్నాడా? …మాట్లాడాడా, దేవుడా. ఏమన్నాడు?

…నన్నా? నన్నడగమన్నాడా? చెప్పు.

…

బోర్డు బాగా ఊగిందా, మామయ్యకి వినపడిందా అని.

…వినపడిందని చెప్పమ్మా. ఇక్కడిదాకా వినపడిందని చెప్పు. …ఏడవకు. వాడికి నీ ఏడుపు వినపడనివ్వకు. నేను బయల్దేరుతున్నాను, రైలుంటే రైలు, బస్సుంటే బస్సు. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను, నువ్వు మాత్రం ఫోన్ పెట్టెయ్యకు. దేవకుమారీ… మాట్లాడమ్మా…

హలో… హలో…