అత్తగారి చెవికందే మోత

కొత్తగా నేర్చుకుంటున్న సింథసైజర్ సాఫ్ట్‌వేర్‌లో కోడలు ఒక శబ్దం తయారుచేస్తోంది. అత్తగారు పక్కనే కూర్చున్నారు.

“వినబడిందా అత్తయ్యా?”

“ఇంకా నొక్కలేదుగా!”

“నొక్కాను. మరీ కీచుగా ఉండి మీకు అందలేదేమో, శ్రుతి కిందికి దించుతా. ఇప్పుడు?”

“గేదె మూలిగినట్టుంది. ఎందుకమ్మా ఈ తంటా?”

“పాప ఏడిస్తే ఉయ్యాల దగ్గరి మైకు పసిగట్టి మీ ఫోన్‌లో ఇది మోగించడానికి.”

“దాని ఏడుపు నాకు వినబడట్లేదని... నీకెలా తెలిసింది?”

“నిన్న పాప గుక్కపట్టి ఏడ్చింది. మీరు పక్కనే పేపర్ చదువుకుంటున్నారు.”

అత్తగారు తలదించుకున్నారు. కోడలు ప్రతిధ్వని తగ్గించి, మోత మొదలయ్యే చోట కాస్త పదునుచేసి మళ్ళీ మోగించింది.

“ఇది గంటలా ఉందే! ఉండు, వంటింట్లోకి వెళ్ళి చూస్తా.”

కోడలు నొక్కింది.

“వినబడింది!” లోపలినుంచి కేక వినిపించింది. “ఇక నువ్వు ధైర్యంగా ఉద్యోగంలో చేరు. పాపని నేను చూసుకుంటా.”