పదిహేను పళ్ళు

పదమూడా పద్నాలుగా అని నన్నే అడుగుతున్నావా? అడిగితే అడిగావులే. కిటికీలోంచి చూశాను నీ బండిని, సీటు నా పొట్ట పైదాకా ఉంది. ఇద్దరు పిల్లల్ని కని, తొమ్మిదేళ్ళు ఆఫీసు కారులో తిరిగి, ఇప్పుడు మళ్ళీ కొండదారులు పట్టుకుంటానంటే మీ ఆయన ఏమన్నాడు? ఊఁ, అంటాడు. మీ నాన్నని మీ అమ్మ కూడా అదే అంది. కూర్చో తల్లీ. ఆ స్టూలు వద్దు, కాలు ఊగుతుంది, ఈ కుర్చీ లాక్కో. చైను తిరిగే పళ్ళ చక్రాలుంటాయే, ముందు దానికి ఎన్ని పళ్ళు, వెనక దానికి ఎన్ని పళ్ళు అని ఒక కాగితం ముక్క మీద రాసిచ్చి పంపేయొచ్చు నిన్ను, అర నిమిషం పని. కానీ ఇదే ప్రశ్న మీ నాన్న కూడా అడిగాడు నన్ను. వర్క్‌షాపులో, ఇనుము కోసే నా మిల్లింగ్ మెషిన్ పక్కన నిలబడి. అప్పుడు నేను చెప్పిన జవాబు ఒకటుంది. అది నీకు చెప్పకుండా నీ బండి మీద చెయ్యి వెయ్యబుద్ధి కావట్లేదు.

మీ నాన్నని మా ఇంటికి తీసుకొచ్చిందే నేను, తెలుసా? తెలీదూ. ఆయన సర్వే ఆఫీసులో పని, నేను పంపుల వర్క్‌షాపులో. ఆదివారాలు రాళ్ళ క్వారీ వెనక బండ్లు నడిపేవాళ్ళం. ఒకరోజు చైను తెగి, మా ఇంట్లో నీళ్ళు తాగి పోదామని వచ్చాడు. అంతే. ఆ పై వారం నుంచి మా అమ్మ, "ఆ పొడుగబ్బాయి వస్తున్నాడుట్రా ఇవాళ?" అని అడగడం మొదలుపెట్టింది. నేను వస్తున్నానో లేదో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మా అక్క, అదే మీ అమ్మ, సంగతి సరేసరి, నన్నెప్పుడూ పట్టించుకోని మనిషి నా బండి చప్పుడుకి వాకిట్లోకి వచ్చేది, వెనకాల ఆయన ఉన్నాడేమోనని. పెళ్ళయింది, బావ అయ్యాడు. మంచివాడు, కాదని ఎవరన్నారు? ఆ మంచివాడు కావడమే నాకు కడుపుమంట. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. బండి నడిపితే ఆ మనిషి నిలబడ్డట్టే ఉండేవాడు, కింద బండి ఒక్కటే పనిచేసేది. నేనేమో చొక్కా తడిసిపోయి, పళ్ళు బిగబట్టి, ఆయన కంటే నాలుగు నిమిషాలు వెనక. ఎప్పుడూ ఆ నాలుగు నిమిషాలే.

తర్వాత ఆయన మోకాలి చిప్ప పగిలింది. లేదు, బండి మీద కాదు, ఆఫీసు మెట్ల మీద. ఆ ఏడే నువ్వు పుట్టావు. ఇంక మానేశాడు. పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళూ నావి, అర్థమైందా? మేం తొమ్మిదిమందిమి వెళ్ళేవాళ్ళం ఆదివారం ఆదివారం, ముందు బండి నాది. పళ్ళ డాక్టరు ఒకాయన ఉండేవాడు మాలో, మా వర్క్‌షాపు స్టోర్స్ ఆయన ఉండేవాడు, మాటకి ముందు "అద్గదీ" అనకుండా ఉండలేడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో నేను చెప్పేవాణ్ణి, వాళ్ళు తలూపేవాళ్ళు. నా బండి చిన్నదే. అయినా నాకది చాలు. పోల్చి చూడ్డానికి మీ నాన్న లేడు కదా పక్కన.

అలాంటిది ఒక ఆదివారం పొద్దున క్వారీ దగ్గరికి ఏదో లారీ వస్తున్నట్టు చప్పుడైంది. మీ నాన్న. అయిదువందల సీసీ బండి, ఎవరో దేశం వదిలి పోతూ అమ్మేసింది. దిగి, కుంటుకుంటూ వచ్చి నన్ను కావిలించుకుని, "ఒరేయ్, మళ్ళీ వచ్చానురా. అన్నీ మర్చిపోయాను, నువ్వే నేర్పాలి" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఈలోగా ఎనిమిదిమందీ ఆ బండి చుట్టూ మూగిపోయారు. "అద్గదీ, బండంటే ఇదీ" అంటాడు స్టోర్స్ ఆయన. పన్నెండేళ్ళు నా వెనక నడిచినవాడు. నేను నా బండి దగ్గర ఒక్కణ్ణే నిలబడి, బిగించే ఉన్న అద్దాన్ని మళ్ళీ బిగించాను. నవ్వకు. నిజంగానే బిగించాను.

ఆ వారంలోనే వచ్చాడు వర్క్‌షాపుకి. "ఒరేయ్, ఈ బండిని రోడ్డు కోసం అమర్చారు. రాళ్ళలో నడక వేగంతో పోవాలంటే మొదటి గేరులో కూడా క్లచ్ పట్టుకునే ఉండాల్సి వస్తోంది. ఇప్పుడు ముందు పద్నాలుగు పళ్ళు. పదమూడు వేద్దామా?" అన్నాడు. సరిగ్గా నీ ప్రశ్నే. సరైన జవాబు ఆయన నోట్లోనే ఉంది. విను, నీక్కూడా పనికొస్తుంది. ముందు ఒక్క పన్ను తగ్గిస్తే వెనక మూడు నాలుగు పళ్ళు పెంచినంత తేడా. పళ్ళు తగ్గితే బండి రాయి మీదకి మెల్లగా, పిల్లి ఎక్కినట్టు ఎక్కుతుంది. మరీ తగ్గించావా, ఇంత బలమున్న ఇంజనుతో చెయ్యి కాస్త తిప్పితే చాలు, చేతుల్లోంచి ఉరుకుతుంది. అందుకని చాలాకాలం తర్వాత ఎక్కేవాళ్ళకి పదమూడు, వెనక యాభై, అక్కడితో ఆగాలి. నీ బండికీ అంతే, రాసుకో. ఆ రెండో ముక్క ఉంది చూశావూ, మరీ తగ్గిస్తే ఉరుకుతుందన్నది, అది పట్టుకున్నాను నేను. "పదమూడా? నీ మోకాలితోనా? ఎగిరి అవతల పడతావు బావా. ఇంత బలానికి పళ్ళు పెంచాలి, అప్పుడే మెత్తగా ఉంటుంది. పదిహేను వెయ్యి" అన్నాను. సగం నిజం కలిపిన అబద్ధం అంత గట్టిగా నిలబడుతుందని ఆ రోజే తెలిసింది నాకు. నా మొహం చూసి, "ఇందులో నీకంటే ఎవరికి తెలుసులే" అన్నాడు. పళ్ళ డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు, తన బండికేదో ముక్క చేయించుకోడానికి వచ్చి. "పళ్ళ సంగతి నన్నడగాలి గానీ, వీణ్ణడుగుతావేంటయ్యా" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

ఆ పదిహేను పళ్ళ చక్రం నేనే కోశాను. రెండు రోజులు పట్టింది. మంచి ఉక్కు తీసుకుని, ఒక్కో పన్ను వేలితో తడిమి చూసి, ఎర్రగా కాల్చి నూనెలో వేసి గట్టిపరిచి. నా ఉద్యోగంలో అంత నున్నటి పని ఇంకోటి చెయ్యలేదు. ఆయన పడాలని కాదు తల్లీ, నీ మీద ఒట్టు. ఆగిపోవాలని. అందరి ముందూ ఒక్కసారి బండి ఆగిపోతే, "పాపం, ఇంక ఈయన వల్ల కాదు" అని ఒక్కడంటే చాలనుకున్నాను.

అత్తగారి మెట్టు అని ఉండేది మాకు, క్వారీ దాటాక. నిలువు దారి, రెండు పక్కలా బండలు, మధ్యలో అడ్డంగా మూడు రాళ్ళు, పైన మలుపు. ఎంత చేసినా ఒప్పుకోదని ఆ పేరు పెట్టాం. నేను ముందు ఎక్కి పైన నిలబడ్డాను, చూడ్డానికి. మీ నాన్న వచ్చాడు. మొదటి రాయి దాటాడు, రెండోది దాటాడు. పదిహేను పళ్ళతో అది దాటడమే అబ్బురం, అది నాకొక్కడికే తెలుసు. మూడో దాని దగ్గర ఇంజను దగ్గి ఆగిపోయింది. దిగి, వెనక్కి దొర్లించి, మళ్ళీ. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి క్లచ్ కాలిన వాసన నా దాకా వచ్చింది. నాలుగోసారి ప్రయత్నించలేదు. బండి పక్కకి ఆనించి, రాయి మీద కూర్చుని, క్లచ్ పట్టే ఎడమ చెయ్యి తెరిచి, మూసి, దాన్నే చూసుకుంటున్నాడు. డాక్టరు అడిగాడు, "బండిలో ఏదైనా తేడానేమో చూడవయ్యా" అని. మీ నాన్న ఏమన్నాడో తెలుసా? "బండిలో ఏముంది? మా బామ్మర్ది అమర్చింది. చెయ్యి పోయింది నాది." అప్పుడు నాకు రావాల్సిన సంతోషం వచ్చింది. రాలేదంటే అబద్ధం. ఓ పది నిమిషాలుందేమో.

ఆయన తర్వాతి వారం రాలేదు. ఆ పైవారమూ లేదు. నాలుగోవారం నేనే వెళ్ళాను మీ ఇంటికి. నువ్వు హాస్టల్లో ఉన్నావు. బండికి అట్టముక్క కట్టి ఉంది, 'అమ్మబడును' అని, ఆయన అక్షరాలు, సర్వే పటాల మీద రాసినట్టు కుదురుగా. ఆయన ఆఫీసుకెళ్ళాడు. మీ అమ్మని అడిగితే, "బండి సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోతున్నాడ్రా. మొన్న నిచ్చెనెక్కి బల్బు మార్చమంటే, నాకిప్పుడు అలాంటివి చేతకావు అన్నాడు. నలభై మూడేళ్ళ మనిషి" అంది. ఆగిపోవాలనుకున్నది బండి. ఆగిపోయింది మనిషి.

మర్నాడు భోజనాల వేళకి సెలవు పెట్టి, పదమూడు పళ్ళ చక్రం జేబులో వేసుకుని వెళ్ళాను. మీ షెడ్డులో కూర్చుని మూత విప్పి, పాతది తీసి కొత్తది ఎక్కించాను. రెండు పళ్ళు తగ్గాయి కదా, చైను వదులైంది, వెనక చక్రాన్ని వెనక్కి లాగి బిగించాలి, ఒక్కడి వల్ల కావట్లేదు. తలెత్తితే మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో. "ఏంట్రా?" అంది. "చైను కొంచెం వదులైందక్కా" అన్నాను. నా చేతిలో ఉన్న పాత చక్రం వైపు చూసింది, అది కొత్తగా మెరుస్తోంది మరి. "వదులైంది చైనేనా?" అంది. కొంగు దోపుకుని, వచ్చి వెనక చక్రం పట్టుకుంది, నేను బిగించాను. చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం సబ్బు నా చేతికివ్వలేదు, గట్టు మీద పెట్టింది. ఆ తర్వాత ఏడాది దాకా ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నువ్వు చిన్నదానివి, మామయ్య రావడం తగ్గించాడేంటి అనుకుని ఉంటావు.

అమ్మే ముందు ఒక్కసారి నడుపు బావా, నాకోసం, అని బతిమాలి తీసుకెళ్ళాను. ఎక్కాడు. ఎలా ఎక్కాడంటే... ఆ మూడు రాళ్ళూ అక్కడ లేనట్టే. మీదకెళ్ళి ఇంజను ఆపి, కాసేపు అలాగే కూర్చున్నాడు, మా వైపు వీపు పెట్టి. తర్వాత కేక వేశాడు, "ఒరేయ్, చెయ్యి మళ్ళీ వచ్చిందిరా" అని. ఎనిమిదిమందీ చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతూంటే ఆ మంట మళ్ళీ మొదలైంది. తప్పు దిద్దుకోడానికి వచ్చినవాణ్ణి, అప్పుడైనా సిగ్గుండొద్దూ? ఆయన కిందికొచ్చి, "నువ్వూ ఒకసారి ఎక్కించరా దీన్ని" అన్నాడు. అదే బండి, సరైన పళ్ళు, నా చేత్తో బిగించినవి. తీసుకున్నాను. రెండో రాయి కూడా దాటలేదు. ముందు చక్రం లేచింది, బండి ఒక పక్క, నేనో పక్క ముళ్ళకంపలో. ఎవరూ నవ్వలేదు, అదింకా ఘోరం. అంటే ఆయన పదిహేను పళ్ళతో రెండు రాళ్ళు దాటిన చోటు, నేను పదమూడుతో దాటలేకపోయాను. ఇంక లెక్క తేలిపోయింది కదా.

మీ నాన్న ఆ మోకాలితోనే నడుచుకుంటూ వచ్చి, బండి లేపి, నన్ను లేపి, నా వీపు మీద ముళ్ళు ఒక్కొక్కటీ తీశాడు. తీస్తూ, అందరికీ వినపడేలా అన్నాడు, "వీడి తప్పేం లేదు. పళ్ళు కుదరలేదు, అంతే." ఆ మాటంటూ నన్ను చూడలేదు. చైను బిగించే చోట గీతలుంటాయి తల్లీ, చక్రం ఎంత జరిగిందో చూడగానే తెలిసిపోతుంది. ఎకరం భూమిలో అంగుళం తేడా పట్టుకునే మనిషికి తెలీదంటావా? తర్వాత ఇంకో పద్నాలుగేళ్ళు పక్కపక్కనే నడిపాం, ఆయన చనిపోయేదాకా. ఒక్కసారి తిట్టలేదు. తిట్టి ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. అందులోనూ నన్ను వెనకే ఉంచేశాడు. ఆయన ఫోటో చూస్తే జనానికి కన్నీళ్ళొస్తాయి, నాకు ఇప్పటికీ ఆ మంటే...

ఆ కిటికీ మూసెయ్యమ్మా. ఎదురింటివాళ్ళు గోడ కొడుతున్నారు, దుమ్మంతా మనింట్లోకే.