ఎడమచేతి వాపు

పెళ్లికి బయలుదేరే వేళ, భార్య మంచం మీద కూర్చుని వాచిన ఎడమచేతికి బ్యాండేజీ చుట్టుకుంటోంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న భర్త గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పొడుగు చేతుల జాకెట్టు వేసుకోకూడదూ? మా చెల్లి పెళ్లిలో అందరూ నీ చెయ్యే చూస్తారు.”

“పోన్లెండి, ఇన్నాళ్లకి నన్ను చూసేవాళ్లు దొరికారు. అయినా ఈ చెయ్యి దూరే బట్ట ఇంట్లో ఒక్కటి చూపించండి.”

“క్యాన్సర్ పోయిందన్నారుగా! ఇంకా ఈ వాపేంటి?”

“రక్తనాళాల్లోంచి ఊరిన నీరు కొంత ఒంట్లో మిగిలిపోతుందట. లింఫ్ నాళాలు దాన్ని మళ్లీ రక్తంలో కలుపుతాయి. దారిలో ఉండే గ్రంథులు దాన్ని వడకట్టి క్రిముల్ని చంపుతాయి. నా చంకలోవి రొమ్ముతో పాటే తీసేశారు. ఇక ఆ నీరు ఎటు పోతుంది?”

“గుండె తోసెయ్యదా?”

“దీన్ని గుండె తొయ్యదు. చెయ్యి కదిలిస్తేనే కదులుతుంది. లేదా ఎవరైనా మెల్లగా నిమరాలి. ఎలా నిమరాలో నేర్పుతానని ఫిజియోథెరపిస్టు మిమ్మల్ని లోపలికి పిలిచింది. కారు తీస్తానని మీరు వెళ్లిపోయారు.”

“అలాంటివి చూస్తే నాకు కళ్లు తిరుగుతాయని తెలుసుగా.”

“చూడక్కర్లేదు. ఈ కొస పట్టుకోండి, టేపు అంటించుకుంటాను.”

అతను గుమ్మం దాటలేదు.

“అమ్మని పిలుస్తానుండు.”

“వద్దులెండి. పళ్లతో పట్టుకోవడం అలవాటైపోయింది.”