ముప్పై రోజుల కాగితం

ఆదివారం పొద్దున వంటింట్లో, ఫ్రిజ్‌కి అతికించిన కాగితాల ముందు, లిఫ్టులు బాగుచేసే మొగుడుగారు తప్పు చేసిన మొహంతో నిలబడ్డాడు. బడిసంచులు కుట్టే ఆయన భార్య గిన్నెలు తోముతోంది.

"తిట్టనని ముందు మాటివ్వు."

"విషయం చెప్పకుండా మాటేంటండీ? ఏం చేశారు?"

"బూట్లు కొన్నాను."

"అంతేనా? స్కూటరు తీసుకెళ్ళి ఎవరికైనా గుద్దారేమో అనుకున్నా."

"అంతేనా అంటావేంటి! కాగితం మీద రాయలేదు. ముప్పై రోజులు ఆగలేదు. షాపు ముందునుంచి వెళ్తూ టక్కున కొనేశాను. పద్దెనిమిది వందలు. మూడు రోజుల్నుంచి డిక్కీలో దాచుకుని తిరుగుతున్నా. అన్నం సయించట్లేదు."

"నిన్న మూడోసారి వడ్డించుకున్నది ఎవరో మరి."

"నవ్వకు. ఈ రూలు పెట్టిందే నేను. ఏదైనా కావాలనిపిస్తే ముందు రాయాలి. ముప్పై రోజులయ్యాక కూడా కావాలనిపిస్తేనే కొనాలి. వద్దనిపిస్తే రాసినవాళ్ళే కొట్టెయ్యాలి. అందరికీ గొప్పగా చెప్పుకుంటున్నా. మా సూపర్‌వైజరు కూడా వాళ్ళింట్లో కాగితం అతికించాడు, తెలుసా?"

"పోనివ్వండి. ఆ రూలు వల్లేగా అప్పులు తీరాయి. ఆపద డబ్బని ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పడింది. ఫోను మోగితే ఇద్దరం ఉలిక్కిపడే రోజులు పోయాయి. బూట్లు వేసుకుని తిరగండి హాయిగా."

"ఊహూఁ. నాకు శిక్ష పడాల్సిందే. నువ్వు వద్దనుకున్నవాటిలో ఒకటి ఇవాళ కొంటా. పాత కాగితాలు తియ్యి."

"ఇప్పుడవన్నీ ఎందుకండీ?"

"నువ్వు తియ్యకపోతే నేనే తీస్తా. ఇదిగో. వానాకాలం చెప్పులు... కొట్టేశావ్. కుర్చీకి మెత్త... కొట్టేశావ్. రోజంతా మిషను ముందు కూర్చునేదానివి, నడుం విరగదూ?"

"అలవాటైపోయింది."

"చెల్లెలి దగ్గరికి వెళ్ళి రావడం. అదీ కొట్టేశావ్. ఛ. ఒక్కటంటే ఒక్కటి ఉంచుకోలేదు నువ్వు. నేనేమో బూట్లు..."

"చాలు, ఇటివ్వండి."

"ఆగు. డాక్టరు. ఇదేంటి, డాక్టరు అని రాసి కొట్టేశావ్?"

"అది పాతది. ఇంతకీ బూట్లు చూపించరేం?"

"ఏ డాక్టరు?"

"పళ్ళ డాక్టరు. పన్ను నొప్పేసింది."

"ఎప్పుడు?"

"అదే... అప్పుడు. తగ్గిపోయింది."

"సీసా మూతలు పంటితో పీకేదానివి, నీకు పన్ను నొప్పా? ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు."

"ఏం లేదండీ. చంక దగ్గర చిన్న గడ్డలాంటిది."

"గడ్డా?"

"నొప్పేం లేదు. బఠానీ గింజంత ఉండేది."

"ఉండేది అంటే? ఇప్పుడు లేదా?"

"చేతులు తడిగా ఉన్నాయి, ఆ తువ్వాలు ఇలా అందుకోండి."

"ఇప్పుడెంతుందే?"

"గోళీకాయంత."

"దేవుడా! పైన తేదీ... మార్చి మూడు. ఐదు నెలలు. ఐదు నెలలు నోరు మూసుకుని కూర్చున్నావా?"

"కూర్చోలేదు. రాశాను కదా."

"రాస్తే? ఇదేమన్నా చెప్పులా, మెత్తా, ముప్పై రోజులు ఆగడానికి? లిఫ్టులో కిర్రుమని చప్పుడొచ్చిందంటే నేను ఒక్క పూట ఆగుతానా? తింటున్న కంచం వదిలేసి పరిగెత్తనూ?"

"పరిగెత్తుతారు."

"మరి నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది?"

"ఎలా అనమంటారు? అప్పుడప్పుడే తేరుకుంటున్నాం. ఎన్నేళ్ళ తర్వాతో మీరు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. టెస్టులంటే వేలల్లో అవుతుంది, మళ్ళీ మీకు నిద్ర కరువవుతుంది. నోటితో చెప్పలేకపోయా. కాగితం మీద రాస్తే మీ అంతట మీరే చూస్తారు కదా అనుకున్నా."

"తర్వాతైనా చెప్పొచ్చుగా! ఆపద డబ్బు నిండుగా ఉంది కదే బ్యాంకులో! అది దేనికనుకున్నావ్?"

"ఆపదకే. ఇది ఆపదో కాదో నాకెలా తెలుస్తుందండీ?"

"నాదే తప్పు. రూలు రూలు అని నీ నోరు నొక్కేశాను. లే, ఆ గిన్నెలు వదిలెయ్. పెద్దాసుపత్రిలో ఆదివారం కూడా చూస్తారు. అక్కడి లిఫ్టులు నేనే చూసేవాణ్ణి, నాకు తెలుసు. పద."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. కానీ ఒక్కటి చెప్పు. నేను భయపెట్టాను, ఒప్పుకుంటా. రాసింది రాసినట్టు ఉంచొచ్చు కదా. ఉంచితే ఎప్పుడో అప్పుడు నా కళ్ళబడేది. ఎందుకు కొట్టేశావే?"

"పదండి, తలుపు తాళం వేస్తా."

"కాదు, చెప్పు. కాగితం చిరిగేంత గట్టిగా గీశావే! నీ ప్రాణం నీకంత చవకైపోయిందా? నీ చేత్తో నువ్వే ఎలా కొట్టేశావ్?"

"ఆ గీత నాది కాదండీ. ఆపద డబ్బు నిండిన రోజు, 'ఇంకేం కావాలి మనకి' అంటూ మీరే పెన్ను పట్టుకుని, పైనుంచి కిందిదాకా నేను రాసినవన్నీ కొట్టుకుంటూ వచ్చారు. డాక్టరు అన్న మాట దగ్గర ఆగుతారేమోనని ఇక్కడే నిలబడి చూశాను. ఆగలేదు."