బీరన్న పేరున పడ్డ మాటలు

నా మీద అరిస్తె ఏమొస్తది పెద్దబాపూ! తప్పు మొత్తం నాదే అన్నట్టు జూస్తవేంది? గా కంప్యూటర్‌ది లేదా తప్పు? జర కూసో. గొర్లు యాడికి పోవు. కూసో, జెప్త.

నువ్వు నాకు జెప్పింది ఏంది? గొర్లకు గాలికుంటు వస్తె ఏం మందు పెడ్తరు, మంద తోలుకొని నల్లమలకు ఏ తొవ్వల పోతరు. గంతే గదా! నా పీహెచ్‌డీ పుస్తకంల నీ పేరు మీద గా రెండు ముచ్చట్లే ఉండాలె. ఇప్పుడేమో ఊరంత జెప్పింది నువ్వే జెప్పినట్టు అచ్చయింది. ఊరి గొర్లు మేసే బంచరాయి భూమిల కంచెకు రాతి కడీలు పాతిందెవరు, కుంట నీళ్లల్ల పురుగుల మందు కలిపిందెవరు, లింగస్వామి మంద ఎట్ల సచ్చింది... అన్నీ బీరన్న జెప్పిండు, బీరన్న జెప్పిండు!

ఎట్లనా? గొర్లకు నువ్వు రంగు గుర్తు పెడ్తవు గదా, ఎవరివి ఎవరివో తెల్వనీకె? మేం గూడ గట్లనే. ముచ్చట జెప్పిన ఒక్కొక్క మనిషికి ఫైల్‌ల ఒక గుర్తు పెడ్తం. రాసిన మాట పక్కన గా గుర్తు ఏస్తె సాలు, కంప్యూటరే పోయి ఆ మనిషి పేరు, ఊరు తెచ్చి పెడ్తది.

పుస్తకం ఇంగ్లీషుల. గుర్తులు మాత్రం నేను తెలుగుల పెట్టిన. పేరు, పక్కన ముచ్చట జెప్పిన యేడు: బీరన్న 2021, లింగస్వామి 2021, గిట్ల. మనోళ్ల గుర్తులు మన అక్షరాలల్ల ఉండాలె అని నా సోకు! గా ప్రోగ్రాంకు తెలుగు అక్షరం పడలే. గుర్తు కాడికి రాంగనే ఆగుడు, ఎర్ర గీతలు. తెల్లారితె యూనివర్సిటీల ఇయ్యాలె. నల్లగొండల పుస్తకాలు సెట్ జేసే సతీశ్, "గా తెలుగు తీసేస్తె అయిపోతది మేడం" అన్నడు. ఒక్క బటన్ నొక్కిండు.

అక్షరాలన్నీ పోయినయ్. ఏం మిగిలింది? 2021. అందరిదీ 2021! అందరికీ ఒక్కటే గుర్తుంటె కంప్యూటర్ ఏం జేస్తది? మొదాలున్న పేరు పట్టుకుంటది. మొదాలు ఎవరున్నరు? నువ్వే. నేను ఫస్టు వచ్చింది నీ కాడికే గదా.

ఎర్ర గీతలు పోయినయని సంబరపడ్డ. మళ్ల సదువుకోలే. గట్లనే ఇచ్చేసిన.

ఇగ మనూరి వకీలు సాబ్ ఉన్నడు సూడు! బంచరాయి కేసుల గా పేజీలే జిరాక్స్ తీసి కోర్టుల పెట్టిండు. అవతలోళ్లకు గూడ ఒక కాపీ పోతదట. అవతలంటె ఎవరు? కడీలు పాతిన గా పర్వతాలు, ఆయన మనుషులే గదా. గందుకే గా తెల్లకారు నీ మంద ఎన్క తిరుగుతాంది. అగో, మళ్ల ఆగింది. దిగుతలేరు. ఎంతసేపటి సంది అక్కడ్నే ఉన్నరు?

అవునే, నీ కుక్క మొరుగుతలేదేంది? యాడున్నది?

...అవుపడ్తలేదా?

పెద్దబాపూ, ఆళ్లు ముందు మాట్లాడే రకం గాదు. లింగస్వామి మంద సచ్చేముందు గూడ ఆయనతోని ఒక్క మాట మాట్లాడలే.

గందుకే ఉరికొచ్చిన. ఇంక దిద్దొచ్చు. తప్పు పడ్డదని నేను రాసిస్తె వకీలు కోర్టుకు ఇస్తడు. నీ పేరు పోతది. జెప్పినోళ్ల పేరు పడ్తది.

ఎవరంటవా? మందు కలుపుతుంటె సూసినోళ్లెవరంటవా? గదెందుకు నీకిప్పుడు... గట్ల సూడకు, నాకు భయమైతాంది. జెప్త.

గా ఎండకాలం నువ్వు మందతోని నల్లమల పోయినవు. గుర్వమ్మ పెద్దమ్మ ఇంటికాడ ఒక్కతే ఉన్నది. పొద్దుగాల బట్టలుతుకనీకె కుంటకు పోయింది. కండ్లార సూసింది. నాకు జెప్పి, "నా పేరే రాయి బిడ్డా, నాకేం భయం" అన్నది. నీకు జెప్పలేదా? ఇన్నేండ్ల సంది జెప్పనేలేదా?

పెద్దబాపూ, తిట్టు, పడ్త.

ఏందీ? దిద్దొద్దా? గట్లనే ఉంచమంటవా?

అరె, లేస్తవేంది? ఎటు పోతున్నవ్? కారు కాడికా? ఏం జెప్తవ్ ఆళ్లకు? నేనే సూసిన, నేనే జెప్పిన అంటవా? పెద్దబాపూ, ఆగు! మందను ఇడిసిపెట్టి యాడికి? ఆగు జర!

ఆగలే. గంత దూరం పోయినవు. కారు తలుపు తెరుస్తున్నరు.

ఇగ నీకు నా మాట ఇనబడదు. ఇనబడదనే జెప్తున్న. దిద్దాలనుకుంటె వకీలు పేజీలు పెట్టిన నాడే దిద్దకపోదునా? తప్పని రాసిస్తె నా డాక్టరేట్ ఆపుతరు పెద్దబాపూ. పెద్దమ్మ పేరు ఎత్తంగనే నువ్వు వద్దంటవని నాకెరుకే. నీతోని వద్దనిపించుకుందామనే వచ్చిన.