వెంకటకృష్ణయ్య బాబాయి కత్తికి అద్దం

ఏంటీ, అరవై రెట్లు పెద్దగా చూపించే భూతద్దమా? అరవై రెట్లు దేనికిరా చైతన్యా, గడ్డం కత్తి పదును చూసుకోడానికా, చంద్రుణ్ణి చూడ్డానికా? ఆ ఫోను పక్కన పెట్టు ముందు. కూర్చో. కొనుక్కుంటే కొనుక్కో, నేనేం వద్దనను. కానీ యాభై ఏళ్ళు ఈ తెనాల్లో వాచీలు బాగుచేసినవాణ్ణి, కంటికి అద్దం పెట్టుకునే బతికినవాణ్ణి, నన్నొక్క మాట అడక్కుండా ఎవడో వీడియోలో చెప్పాడని ఆర్డరు పెట్టేస్తావా? ఈ సంగతి వెంకటకృష్ణయ్య బాబాయి ఎప్పుడో తేల్చేశాడు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మా కొట్టు పక్కనే ఆయన మంగలి షాపు. చుట్టరికం కాదు, పిలుపంతే. రెండు కుర్చీలు, గోడకో నిలువుటద్దం, గుమ్మానికి వేలాడే తోలు పట్టీ. రాయి మీద నూరిన కత్తిని ఆ పట్టీ మీద టపటపా పదిసార్లు లాగేవాడు, ఆ చప్పుడు వింటే చాలు, నా కొట్లో కూర్చున్నవాళ్ళు గడ్డం తడుముకునేవాళ్ళు. అంత పేరు.

ఉప్పెన వచ్చిన మరుసటేడు అనుకుంటా, అవును, అప్పుడే, మా వీధిలో నీళ్ళ పైపులకని రోడ్డు తవ్వి వదిలేశారు. అదిగో, ఆ రోజుల్లోనే బాబాయికి చెడ్డరోజులు మొదలయ్యాయి. గీయించుకున్నవాళ్ళంతా మంట మంట అనడం. ఎదురుగా కొత్త సెలూనొకటి పెట్టాడు చిన్నా అని ఓ కుర్రాడు, రోజుకో కొత్త బ్లేడు, మెరిసే కుర్చీలు. జనం ఒక్కొక్కళ్ళే అటు జారుకున్నారు. సరే, వాళ్ళ సంగతి వదిలెయ్. గౌరీశంకరం మేష్టారని సంస్కృతం చెప్పేవారు, రేపల్లె బదిలీ అయినా ఆదివారం ఆదివారం ప్యాసింజరెక్కి ఇక్కడికే వచ్చి గీయించుకునేవారు. పసిపిల్లల చర్మం ఆయనది, గడ్డమేమో కొబ్బరిపీచు. ఆ మేష్టారు ఒకనాడు సగం గడ్డంతో కుర్చీలోంచి లేచిపోయారు. “వెంకటకృష్ణయ్యా, నీ చెయ్యి పోయిందయ్యా. ఇక చాలించు, మర్యాదగా ఉంటుంది” అన్నారు. నలుగురి ముందు! బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. సాయంత్రం నా దగ్గరికొచ్చి, “అబ్బాయ్ ముత్యాలూ, పోయింది నా చెయ్యో నా కత్తో తేలాలి. చెయ్యే అయితే రేపే షాపు మూసేస్తా. కత్తి అంచు నా కంటికి ఆనట్లేదురా, నూరడం మాత్రం ఇదివరకటికి రెట్టింపు నూరుతున్నా” అన్నాడు.

నేనేం చేశా, నా కంటి అద్దం తీసిచ్చా, పది రెట్లది. తీసుకుంటేనా! “ఇంత బుడ్డిదాంట్లో ఏం కనపడుద్దిరా” అని తోసేశాడు. మహా మొండిమనిషి. వెళ్ళి చేతులు చూసి జాతకం చెప్పేవాడి దగ్గర పళ్ళెమంత భూతద్దం తెచ్చాడు. దాంట్లో కత్తి మొత్తం కనపడింది, పిడి మీద కంపెనీ పేరు కూడా కనపడింది, అంచు మాత్రం మామూలు కంటికి ఎలా ఉందో అలాగే. రెండు రెట్లు కూడా పెంచదది. తర్వాత బాపట్లలో వ్యవసాయం చదివే బంధువుల కుర్రాడి దగ్గర వరి పురుగుల్ని చూసే అద్దం తెచ్చాడు. ఇరవై రెట్లట! ఇదిగో, నీలాగే మురిసిపోయాడు. తీరా చూస్తే దాంట్లో కనపడేది ఆవగింజంత చోటు. చెయ్యి కాస్త కదిలితే అదీ జారిపోద్ది. తల అడ్డమొచ్చి వెలుతురు పడదు. పైగా కంటికీ కత్తికీ మధ్య అరంగుళం ఎడం, అది చాకు కాదు కదా, మంగలికత్తి! సర్రున కనుబొమ్మ తెగింది. మర్నాడు కనుబొమ్మకి ప్లాస్టరుతో షాపు తెరిచాడు. ఇక చెప్పాలా, “తన మొహమే కోసుకున్నాడు, మన మొహం ఏం మిగులుస్తాడు” అని చిన్నా సెలూనులో ఒకటే నవ్వులు.

మంగళవారం ఎవరూ క్షవరం చేయించుకోరుగా, షాపు మూత. ఆ రోజు బలవంతంగా నా బల్ల ముందు కూర్చోబెట్టా. నా అద్దాన్ని తీగతో బల్లకి బిగించా. కన్ను కదలదు, అద్దం కదలదు, కత్తి ఒక్కటే దాని కింద మెల్లిగా జరగాలి, ఎండ పక్కనుంచి పడాలి. పది రెట్లు చాలురా, అంచు పొడుగునా చూపిస్తది, ఎక్కడ చెడిందో చెప్తది. రాయి మీద నూరి తెచ్చాడు. చూశాడు. చిన్న తెల్ల మెరుపు కూడా లేదు. అంచు మెరిసిందంటే అక్కడ మొద్దుబారినట్టు, గుర్తుపెట్టుకో. “బానే ఉందిరా!” అన్నాడు ఆశ్చర్యంగా. మరి మంట ఎందుకు? అలవాటుగా వెళ్ళి పట్టీ మీద పదిసార్లు లాగి తెచ్చి మళ్ళీ పెట్టాడు. చూసి, ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అంచంతా రంపం పళ్ళు! తడిగుడ్డతో పట్టీ తుడిస్తే గుడ్డంతా మట్టి. గుమ్మానికి వేలాడదీసిన పట్టీ కదా, రోడ్డు తవ్విన ఇసకంతా దాని మీదే. రాయి మీద ప్రాణం పెట్టి నూరడం, పట్టీ మీద పాడుచెయ్యడం! ఎన్ని నెలలు! బాబాయి నా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడురా. చెయ్యి పోలేదని.

కొత్త పట్టీ కొని లోపలి గదిలో కట్టాడు. రేపల్లెకి మనిషిని పంపాడు, “ఒక్కసారి రండి మేష్టారూ, ఈసారి మంట పుడితే మీ ముందే తాళం వేస్తాను” అని. ఆదివారం మేష్టారొచ్చారు. వీధంతా గుమ్మంలోనే ఉంది. చిన్నా కూడా తన సెలూనొదిలి వచ్చి నిలబడ్డాడు. సబ్బు రాశాడు బాబాయి. పెద్దాయన, పొద్దున్నే రైలెక్కినాయన, కళ్ళు మూసుకున్నారు. ఒక చెంప అయింది, రెండోది అయింది, గొంతు కింద అయింది. చివరికి తువ్వాలుతో తుడిచేసరికి మేష్టారు కళ్ళు తెరిచి, “ఏమయ్యా, ఎంతసేపు నానబెడతావు, మొదలుపెట్టు” అన్నారు. వీధి వీధంతా ఘొల్లున నవ్వింది! ఆయన చెంప తడుముకున్నారు. ఇటు తడుముకున్నారు, అటు తడుముకున్నారు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు, సంస్కృతం మేష్టారు! “నా మాట వెనక్కి తీసుకుంటున్నానయ్యా” అన్నారు. నాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. బాబాయి మాత్రం తువ్వాలు విదిలించి, కుర్చీ దులిపి, “తర్వాతెవరండీ?” అన్నాడు. ఆరుగురు ఒక్కసారే ముందుకొచ్చారు చైతన్యా. అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నదెవరనుకున్నావు? చిన్నా.

ఊఁ... అంతే. కాఫీ తాగుతావా?