వస్తాద్ వచ్చిన వేళ

కొల్హాపూర్‌లో ఒక ఆసుపత్రి. నిన్న మోకాలికి ఆపరేషనై, ఇవాళ పొద్దున మంచం దిగబోయి పడిపోయిన కుర్ర పహిల్వాన్ పక్కన అతనికి కుస్తీ నేర్పిన వస్తాద్ కూర్చున్నాడు.

"డాక్టర్ ఏమన్నాడు వస్తాద్?"

"ముందు ఆ బాదంపాలు తాగు."

"కుట్టిన లిగమెంట్ మళ్లీ తెగిందా?"

"తెగింది. నొప్పి తెలియకుండా తొడ దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చాం, ఆ మత్తు దిగేదాకా కాలు కింద పెట్టొద్దని నర్సు మొత్తుకుంటే నీ చెవికెక్కలేదట్రా?"

"చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. బాగైపోయిందనుకున్నా."

"బాగైతే కాలు అలా గుడ్డపీలికలా మడతపడుతుందా?"

"మీరు గుమ్మంలో నిలబడ్డారు. నేను పడుకుని చూస్తూ ఉండనా? వస్తాద్ కనిపిస్తే లేచి కాళ్లకు దండం పెట్టాలని తాలింఖానాలో కుస్తీకి చేరిన మొదటిరోజే నేర్పారు."

"నేర్పాను."

"మళ్లీ కుడతారా?"

"కుడతారట. నడవొచ్చట."

"నడవడం సరే. గోదాలోకి దిగొచ్చా?"

"పాలు చల్లారిపోతున్నాయిరా."

"దిగలేనన్నమాట."

"గ్లాసు ఇలా ఇవ్వు, వేడి చేయించి తెస్తాను."

"ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. నేను దుప్పటి తీయడం చూశారు, కాలు కింద పెట్టడం చూశారు. 'ఆగరా' అని ఒక్క మాట అనలేదేం?"

"గుమ్మంలోనే ఎందుకు ఆగిపోయాననుకున్నావు? నన్ను చూసి దండం పెట్టడానికి లేస్తావా లేదా అని చూస్తున్నానురా."